తాటి దుంగ, పచ్చసిరా కాగితం

ఈ నెల మొదట్లో ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. భవానీపురంలో మా వీధి వారగా మురుగు కాలువ ఉంది. ఇంట్లోకి రావాలంటే దాని మీద అడ్డంగా వేసిన చెక్క దాటాలి. ఆ అమ్మాయి చెక్క దగ్గర ఆగిపోయి, "విరగదు కదండీ?" అని అడిగింది.

"నీకంటే బరువైనవాళ్ళు నడిచారు, రా" అన్నాను.

వచ్చి కూర్చుంది. చట్టం ఎలా తయారవుతుందో, శాసనసభలో ఏం చేస్తారో బడి పిల్లలకు నేర్పే కార్యక్రమంలో పని చేస్తోందట. పెద్దవాళ్ళ చేత పాత సంగతులు చెప్పించి, ఆ గొంతులు పిల్లలకు వినిపిస్తారట. పాలు చాలక సగం గ్లాసు టీ ఇచ్చాను. తాగింది.

"నేను నాలుగో తరగతితో ఆగిపోయినదాన్ని. నాకేం తెలుసమ్మా?" అన్నాను.

"మీలాంటివాళ్ళే కావాలండీ, అమ్మమ్మగారూ" అంది. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ ఎండలో పడి వచ్చింది కదా అని ఊరుకున్నాను. నా భుజం మీద కొంగుకు ఒక చిన్న మైకు తగిలించి, ఫోను స్టూలు మీద పెట్టి అడిగింది: "శాసనసభ అన్న మాట మీరు మొదటిసారి ఎక్కడ విన్నారండీ?"

"వినటమేంటి? నేను సభ్యురాలిని."

వేళాకోళం అనుకుని నవ్వింది. వేళాకోళం కాదు. గంటన్నర చెప్పాను. ఆ చెప్పిందంతా ఏమైందో చివర్లో రాస్తాను. అది చూశాకే ఈ పాత క్యాలెండరు కాగితాల వెనక నా చేత్తో రాయాలనిపించింది. కొమ్ములూ దీర్ఘాలూ తప్పితే మనవరాలు దిద్దుతుంది.

మాది చల్లపల్లి అవతల, సముద్రం గాలి తగిలే ఊరు. ఊరిది ఒక గట్టు, మా పేటది ఇంకో గట్టు. మధ్యలో మురుగు కోడు. పంట కాలువ నీళ్ళు పొలాలన్నీ తడిపాక, ఇక ఎవరికీ అక్కర్లేని నీళ్ళు ఆ కోడులో పడి సముద్రానికి పోయేవి. మగ్గిన గడ్డి, నాచు, చేపల జిగురు కలిసిన వాసన. నా చిన్నతనమంతా ఆ వాసనే. పొద్దున గంజి పోసిన చద్దన్నంలో ఉల్లిపాయ, ఉన్న రోజున నిప్పుల మీద కాల్చిన ఎండు మెత్తళ్ళు. చలికాలంలో అయితే కుంపట్లో తేగలు. మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, నిప్పును కూడా దాచే మనిషి. రాత్రి కుంపటి మీద బూడిద కప్పి, పొద్దున అదే నిప్పు ఊది రాజేసేది. ఇంట్లో ఎవరైనా అగ్గిపుల్ల గీశారంటే ఆ రోజంతా మాట పడాల్సిందే. నాకు పొదుపు ఎక్కడి నుంచి వచ్చిందని మా కోడళ్ళు అడుగుతుంటారు. అక్కడి నుంచే.

బడి ఊరి గట్టున ఉండేది. కోడు దాటటానికి రెండు తాటి దుంగలు పక్కపక్కన వేసి ఉండేవి. ఎవరు వేశారో మామ్మకు కూడా గుర్తులేదు. మా పేట కాళ్ళు తొక్కీ తొక్కీ దుంగల నడిమి భాగం దోసిలిలా గుంటపడింది. వర్షాకాలంలో దాని మీద నాచు పట్టేది. ఒకసారి నేను జారి కోడులో పడ్డాను. నన్ను జుట్టు పట్టుకుని పైకి లాగారు గానీ పలక దొరకలేదు. మామ్మ నన్ను తడిమి చూసి, ఎముకలు బాగానే ఉన్నాయని తేలాక, పలక పోగొట్టినందుకు వీపు మీద ఒకటి వేసింది.

మాస్టారు కుర్ర మనిషి, సైకిలు మీద వచ్చేవారు. నేను లెక్కలు నోటితో చెప్పేస్తానని నా మీద ఆయనకు గురి. ఒకరోజు మా నాన్నను పిలిచి, "ఐదో తరగతి గట్టెక్కనివ్వు. చల్లపల్లిలో బోర్డింగు బడి ఉంది, నేనే తీసుకెళ్ళి చేర్పిస్తా. తిండీ బట్టా వాళ్ళే చూస్తారు" అన్నారు. నాన్న ఇంటికి వచ్చి ఆ మాట మామ్మకు చెపితే, "తిండి కూడానా?" అని రెండుసార్లు అడిగింది. ఆ రోజు నుంచి బడికి వెళ్ళేటప్పుడు నా తలకు ఒక చుక్క నూనె ఎక్కువ రాసేది. ఆ ఐదో తరగతి మా ఇంటికి అంత పెద్ద సంగతి.

నేను నాలుగులో ఉండగా, వేసవి సెలవులకు ముందు, ప్రతి బడిలోనూ పిల్లల శాసనసభ పెట్టాలని పైనుంచి కాగితం వచ్చింది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. పౌరశాస్త్రం బట్టీ పట్టించటం ఆయనకు ఇష్టముండేది కాదు. "చట్టం పుస్తకంలో పుట్టదర్రా, మనుషుల నోట్లో పుడుద్ది" అనేవారు. మా బడిని మూడు నియోజకవర్గాలుగా చేశారు: ఊరు, చేపల రేవు, మా పేట. ఎన్నికలంటే ముంతలకు గుడ్డ కట్టి, చిల్లు పెట్టి, ఒక్కొక్కరికీ ఒక్కో చింతగింజ ఇచ్చారు. నచ్చినవాళ్ళ ముంతలో వెయ్యాలి. మొదటిసారి ఎవరో తెలివిగా వేయించిన గింజలు తెచ్చారు. ఓట్లు లెక్కపెడితే నాలుగు తక్కువ. నమిలేశారు. మాస్టారు అందరినీ తిట్టి, పచ్చి గింజలతో మళ్ళీ పెట్టించారు.

మా పేట నుంచి నేనూ, నాకంటే పొడుగు వాడు ఇంకొకడూ నిలబడ్డాం. నేను ముందురోజు పాతరలో మిగిలిన తేగలు కాల్చి పేట పిల్లలందరికీ పంచాను. గెలిచాక మాస్టారు పిలిచారు.

"ఓటర్లకి తేగలు పంచావంటగా?"

"నేను పంచలేదు మాస్టారూ. వాళ్ళే తీసుకున్నారు."

ఆయన నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగారు. "నువ్వు నిజం సభకే పనికొస్తావు పో" అన్నారు.

సభ రోజున పంచాయతీ సమితి నుంచి ఒక ఆఫీసరు గారు జీపులో వచ్చారు. బడి అంతా పెట్రోలు వాసన, బంతిపూల దండ వాసన. ఉన్న ఒక్క చేతుల కుర్చీ ఆయనకు వేశారు. ఊరి ప్రెసిడెంటు గారబ్బాయి స్పీకరు. బల్ల మీద డస్టరుతో కొట్టి "సైలెన్స్" అన్నప్పుడల్లా సుద్దపొడి లేచి వాడే తుమ్మేవాడు. నేను లేచి నిలబడ్డాను. మాస్టారు రాసిచ్చిన కాగితం చేతిలో ఉంది గానీ చూడలేదు.

"అధ్యక్షా! మా పేటకీ బడికీ మధ్యన కోడు ఉంది. దాని మీద రెండు దుంగలున్నాయి. వానొస్తే జారతాయి. నేను పడ్డాను. నా పలక పోయింది. అందుకని వంతెన కట్టాలి. రెండు పక్కలా పట్టుకోవటానికి కమ్ములుండాలి."

చేపల రేవు నుంచి గెలిచిన పిల్ల లేచింది. నా ఈడుదే. వాళ్ళ నాన్నకు తాటిదోనె ఉండేది.

"అధ్యక్షా, వంతెన కిందనించి మా దోనె పోవాల. కూచున్న మనిషికి తల తగలకూడదు."

"తల ఒంచుకోవచ్చుగా?" అన్నాడు స్పీకరు.

"నువ్వొంచుకో! మీ నాన్నని ఒంచుకోమను!"

బడి బడంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. ఆయన కళ్ళు మెరిశాయి. "ఇదర్రా సవరణ అంటే! రాసుకోండి, రాసుకోండి" అన్నారు. దోనె పట్టేంత ఎత్తున, రెండు వైపులా కమ్ములతో వంతెన కట్టవలెనని తీర్మానం. అందరూ చేతులెత్తారు. కొందరు రెండేసి చేతులెత్తారు. మాస్టారు దాన్ని గుండ్రటి అక్షరాలతో రాసి, 'ఏకగ్రీవంగా ఆమోదించడమైనది' అని కింద చేర్చి, ఆఫీసరు గారి ముందు పెట్టారు. ఆయన జేబులోంచి పెన్ను తీసి పచ్చసిరాతో సంతకం చేశారు. "చాలా బాగా మాట్లాడావమ్మా. మంజూరు!" అని ఒక పిప్పరమెంటు బిళ్ళ ఇచ్చారు. చప్పట్లు. తీర్మానం పెట్టిన సభ్యురాలిని కాబట్టి ఆ కాగితం నన్నే ఉంచుకోమన్నారు మాస్టారు. గంట కొట్టారు. రేపటి నుంచి సెలవులు.

దుంగ మీద పరిగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను. నోట్లో పిప్పరమెంటు, చేతిలో కాగితం.

మామ్మ నా చేత మూడుసార్లు చదివించింది. మా పేటలో కూడబలుక్కుని కాకుండా గడగడా చదివేది అప్పటికి నేనే. చుట్టూ పదిమంది చేరారు.

"ఆ కింద పచ్చగా ఏంటే?"

"ఆఫీసరు గారి సంతకం."

నాన్న కాగితం తీసుకుని వెలుగులోకి పట్టి చూశాడు. అంతకుముందు పచ్చసిరా ఆయన ఒక్కసారే చూశాడు, మా పేటకు ఇళ్ళస్థలాలిచ్చిన కాగితం మీద. ఆ సంతకం పడ్డ వారంలోనే గొలుసు తెచ్చి కొలిచి స్థలాలు ఇచ్చారు. ఆ స్థలంలోనే మా ఇల్లు. పచ్చసిరా అబద్ధమాడుతుందని మా పేటలో ఎవరికీ తెలియదు.

ఆ ఏడు మా పేట ప్రార్థన ఇంటి దూలాలు చెదలు తినేశాయి. వానలకు కప్పు నిలవదని పెద్దవాళ్ళు అప్పటికే గుంజాటనలో ఉన్నారు. మామ్మ కోడు వైపు చూసింది.

"వంతెన వచ్చాక ఈ దుంగలు నీళ్ళలో కుళ్ళాల్సిందేగా. ఇనప ముక్కల్లాగున్నాయి. చీలిస్తే ప్రార్థన ఇంటికి నాలుగు దూలాలొస్తాయి."

"వంతెన లేచాక తీద్దాంలే అమ్మా" అన్నాడు నాన్న.

"అప్పటికి కోడు నిండుద్ది. అప్పుడెవడు లాగుతాడు, నువ్వా? ఇప్పుడైతే నడుంలోతు నీళ్ళు. పిల్లదాన్నే అడుగు." నా వైపు తిరిగింది. "చట్టం అయిందా, లేదా? చెప్పవే."

అందరూ నా మొహం వంక చూశారు. మా మామ్మ నన్ను ఒక మాట అడిగి దాని కోసం ఆగటం అదే మొదటిసారి.

"అయింది" అన్నాను.

మర్నాడు పొద్దున్నే మోకులు కట్టి "ఐలేసా" అంటూ దుంగలు లాగారు. ఆడవాళ్ళు కుండలతో మజ్జిగ తెచ్చారు. బయటికి వచ్చిన దుంగ ఎండలో నల్లగా నిగనిగలాడింది. పిల్లలం దాని మీద గుర్రమెక్కినట్టు కూర్చున్నాం. రంపపు కోతకు రెండు రోజులు పట్టింది. అరిగి నున్నబడిన వైపు కిందికి వచ్చేటట్టు దూలాలెత్తారు, చూపుకు బాగుంటుందని.

ఆ వేసవంతా జీపు చప్పుడైతే చాలు, గట్టు మీదికి పరిగెత్తేవాళ్ళం. పాలవాడి సైకిలు గంట కూడా మాకు జీపు హారనులా వినిపించేది. ఎవరూ రాలేదు. తొలకరి పడింది. కోడు నిండింది. బడి తెరిచారు.

పదిరోజులు రేవు పిల్ల నన్ను వాళ్ళ దోనెలో దాటించింది. "నీ వంతెనేదే?" అని ఉడికించేది గానీ రోజూ వచ్చేది. తర్వాత వాళ్ళ ఇంటిల్లిపాదీ వేటకు, కోడు సముద్రంలో కలిసే మొగ దగ్గరికి వెళ్ళిపోయారు. కాలువ లాకుల మీదుగా చుట్టూ తిరిగి వెళితే బడి రెండు కోసులు. గట్టంతా మోకాలిలోతు బురద. పనికి పోయే పెద్దవాళ్ళు తెల్లారకముందే గుంపుగా ఆ దారినే పోయేవాళ్ళు. మిగతా పేట పిల్లలు అప్పటికే మానేశారు, నన్ను ఒక్కదాన్నే పంపటానికి అమ్మ ఒప్పుకోలేదు. తప్పని ఎలా అంటాను, నా ఆడపిల్లలనైతే నేనూ పంపేదాన్ని కాదు.

నాన్న ఆ కాగితం మడత నలగకుండా తలపాగాలో పెట్టుకుని, మాస్టారిని తీసుకుని సమితి ఆఫీసుకు వెళ్ళాడు. సంతకం చేసిన ఆఫీసరు గారికి బదిలీ అయిపోయింది. అక్కడి గుమస్తా కాగితం తిరగేసి చూసి నవ్వాడట. "ఇది పిల్లల ఆటండీ. చూసినట్టు సంతకం చేశారంతే. మాస్టారూ, మీరన్నా చెప్పొద్దా?"

తిరిగి వచ్చాక మాస్టారు లాకుల మీదుగా నడిచి మా పేటకు వచ్చారు. పంచె మోకాళ్ళ దాకా బురద. మామ్మ మంచం వాల్చి, "కూర్చోండి బాబూ" అంది. ఆయన కూర్చోలేదు.

"తప్పు నాదేనమ్మా. ఇది ఆటేనని గట్టిగా చెప్పి పంపాల్సింది."

"ఆటకి పచ్చసిరా ఎందుకు బాబూ?" అంది మామ్మ.

కోపంగా అనలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, అదే దారిన వెళ్ళిపోయారు.

గట్టు మీది తాటిచెట్లన్నీ ఊళ్ళో రైతులవి. ఒక్క చెట్టు ఇప్పించమని మా వాళ్ళు నలుగురు వెళ్ళి ప్రెసిడెంటు గారి అరుగు కింద నిలబడ్డారు. ఆయన పళ్ళు తోముకుంటూ విన్నాడట. "మీ పిల్ల చట్టం చేసిందిగా! దాని మీద నడవండి" అన్నాడట. ఉన్న దుంగలు మీరే పీక్కుని, ఇప్పుడు మళ్ళీ చెట్టు అడుగుతారా అని కూడా అన్నాడట. ఆ రెండో మాటకు మా వాళ్ళు తల ఎత్తలేకపోయారు.

ఊడ్పులు మొదలయ్యాయి. ఖాళీగా ఉండి ఏం చేస్తుందని నన్ను నారు కట్టలు అందించటానికి తీసుకెళ్ళారు. చేల్లో వంగి ఉంటే కోడు అవతల నుంచి బడి గంట వినిపించేది. వేలాడదీసిన రైలు పట్టా ముక్క, దాన్ని ఇనప బోల్టుతో కొట్టేవారు. మొదటి గంట, ఉప్మా గంట, ఇంటి గంట. మూడింటికీ నేను చేలోనే ఉన్నాను. మొదట్లో గంట వినగానే నడుం లేచేది. తర్వాత తర్వాత లేవటం మానేసింది. మరుసటేడు ఎవరో కనికరించి ఒక దుంగ వేశారు. అప్పటికి నేను కూలికి లెక్కకు వచ్చే మనిషిని. మాస్టారికి ఎక్కడికో బదిలీ అయింది. చల్లపల్లి మాట మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తలకు నూనె మామూలు చుక్కే రాసేది మామ్మ.

ఆదివారం ప్రార్థనలో అందరూ కళ్ళు మూసుకునేవాళ్ళు. నేను తెరిచి పైకి చూసేదాన్ని. దూలానికి అడుగు వైపున మా కాళ్ళు తొక్కిన గుంట స్పష్టంగా కనిపించేది. మా వంతెన అక్కడ ఉంది, తలకిందులుగా, ఎవరూ నడవలేనంత ఎత్తున. మామ్మ కూడా ఒక్కోసారి కళ్ళు తెరిచేదని నాకు తెలుసు. మా చూపులు కలిసేవి. ఇద్దరం గబుక్కున కళ్ళు మూసుకునేవాళ్ళం. పోయేదాకా ఆ దుంగల ఊసు ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "అయింది" అన్నది నేనే కదా.

కొన్నేళ్ళ క్రితం ఒక చావుకు ఆ ఊరు వెళ్ళాను. కోడు మీద వంతెన ఉంది. సిమెంటుది, లారీలు పోయేంత వెడల్పు. పేట లేదు, ఆ పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. మేత బస్తాల లారీల కోసం కట్టారు వంతెన. నీళ్ళకు జానెడు ఎత్తున ఉంది, కింద నుంచి దోనె పట్టదు. దోనెలు ఉంటే కదా. గుర్రపుడెక్క పట్టి నీళ్ళే కనిపించటం లేదు. అవతల బడికి వెళ్ళి చూశాను. పిల్లలు లేరని మూసేశారట, చెరువుల వాళ్ళు వలలు పెట్టుకున్నారు. రైలు పట్టా ముక్క లేదు, కొక్కెం మాత్రం ఉంది. ప్రార్థన ఇల్లు రోడ్డు పక్కకు మారి స్లాబు అయింది. పాత దూలాలు పొయ్యిలోకి పోగా ఒక ముక్క గోడ వార పడి ఉంది. అడిగి తెచ్చుకున్నాను. బస్సు కండక్టరు గొణిగాడు. గొణగనీ అనుకున్నాను.

గంటన్నర నేను చెప్పింది ఇదీ. చివర్లో ఆ అమ్మాయి, "పిల్లలకి ఒక మాట చెప్పండి అమ్మమ్మగారూ" అంది. "తీర్మానాలు రాసుకోండి, చేతులెత్తండి, చప్పట్లు కొట్టుకోండి. కొత్త వంతెన మీద నడిచేదాకా పాత దుంగ మాత్రం తియ్యకండి" అన్నాను. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

నిన్న మళ్ళీ వచ్చి ఫోనులో వినిపించింది. మూడు నిమిషాలు. చింతగింజలున్నాయి, తేగలున్నాయి, దోనె సవరణ ఉంది. 'అందరూ చేతులెత్తారు' అన్న నా మాట దగ్గర ఆగి, ఎక్కడివో చప్పట్లు వచ్చాయి. అయిపోయింది.

"మిగతాది?"

"టైము సరిపోలేదండీ. పైవాళ్ళు కూడా... పిల్లలకి కదా, కొంచెం నమ్మకం కలిగేలా ఉండాలన్నారండీ."

"మరి బడి పిల్లలెవరన్నా, వంతెన కట్టారా అని అడిగితే?"

ఆ అమ్మాయి ఫోను సంచిలో పెట్టుకుంటూ, "అడగరండీ" అంది. ఆ అమ్మాయిని అని ఏం లాభం? మాస్టారు లాగే ఉంది, మంచి పిల్ల.

గుమ్మం దిగి, మురుగు కాలువ దగ్గర ఆగి, "ఈ చెక్క తీయించెయ్యండి అమ్మమ్మగారూ, ఎవరన్నా పడతారు. వీధి మొదట్లో బోర్డు చూశాను, కాలువ మీద సిమెంటు పలకలు మంజూరయ్యాయంట" అంది.

"చూసి నడువమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి వెళ్ళాక చెక్క మీద నీళ్ళు పోసి కడిగాను. నడిమి గుంటలో కాసిని నీళ్ళు నిలిచాయి. ఆ గుంటలో నా కాలు ఇప్పుడూ సరిగ్గా పడుతుంది. కోడు మీద ఉండగా నేను దాన్ని ఆఖరిసారి తొక్కింది బడికి వెళుతూ కాదు. ఇంటికి వస్తూ, పచ్చసిరా కాగితం పట్టుకుని, పరుగున.